అరువు ఉస్తాద్: హా లోయ నుంచి కాంకేరు దాకా

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)

మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. పరేడ్ గ్రౌండులో మైకు అవసరం పడలేదు మరి. బస్తరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందు భూటాన్ వెళ్లి, అక్కణ్ణించి బస్తరు వస్తాను.

మన సైన్యం 1962 నుంచి భూటాన్‌లోని హా లోయలో ఒక శిక్షణ బృందాన్ని నడుపుతోంది. ఇమ్‌ట్రాట్ అంటారు. అక్కడి సైన్యానికి తర్ఫీదు ఇవ్వడమే దాని పని. ఇలా వెళ్లడం మనకు కొత్త కాదు. 1964లో నైజీరియా కడూనాలో డిఫెన్స్ అకాడమీ పెట్టుకున్నప్పుడు దాన్ని నిలబెట్టింది మన అధికారులే. ఇథియోపియాలో హరార్ అకాడమీ కూడా అంతే. నేను హా లోయలో రెండేళ్లు ఉస్తాదుగా చేశాను. జీతం మన లెక్కలో, తిండి మన లంగరులో, తిట్లు మాత్రం భూటాన్ కుర్రాళ్లకి! క్లాసులో, ఫైరింగ్ రేంజిలో నా మాట చెల్లేది. వాళ్లని ఎక్కడికి పంపాలో చెప్పేది మాత్రం వాళ్ల రాజుగారే.

నేను పల్టన్‌కి తిరిగొచ్చేశాక, 2003 డిసెంబరులో, ఆ రాజుగారు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ స్వయంగా ముందుండి, తమ అడవుల్లో మకాం వేసిన ఉల్ఫా, బోడో, కామతాపురి దళాల 30 శిబిరాల మీదికి సైన్యాన్ని నడిపించారు. మనవాళ్లు సరిహద్దు ఇవతల దారులు మూసి కూర్చున్నారు. లోపల పోరాడింది వాళ్లే. రేడియోలో ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను నేర్పిందాంట్లో తప్పేమన్నా ఉందా అని పాఠాలన్నీ మళ్లీ మనసులో చెప్పుకున్నాను.

మధ్యలో ఒక మాట. ఆ రెండేళ్లకు పార్ట్ టూ ఆర్డరు సరిగ్గా పడలేదని రిటైరయ్యేటప్పుడు తెలిసింది. ఏ ఆఫీసో ఇప్పుడు అనవసరం. ఏడు నెలలు తిరిగాను. డెప్యుటేషన్ మీద వెళ్లే తమ్ముళ్లూ, మూవ్‌మెంట్ ఆర్డరు కాపీ ఇంట్లో ఒకటి దాచుకోండి.

అరువు సైన్యం ఎలా ఉండకూడదో తెలియాలంటే మన బొల్లారం చాలు. అక్కడి హైదరాబాద్ కంటింజెంటుకు ఖర్చు నిజాంది, అధికారులు ఇంగ్లీషువాళ్లు. అవసరం తీరినా అది కదల్లేదు. జీతాల బకాయిలు పెరిగి పెరిగి, 1853లో నిజాం బీరారును కుంఫిణీ చేతిలో పెట్టాల్సి వచ్చింది. నేర్పి వచ్చేయడం వేరు, నేర్పే పేరుతో తిష్ఠ వేయడం వేరు.

ఇక బస్తరు. పరదేశం కాదు, మనదే. ఓరుగల్లు నుంచి అన్నమదేవుడు వెళ్లి ఏలాడని చెప్పుకునే గడ్డ. కాని అక్కడి పోరు పోలీసులది. సైన్యాన్ని అందులోకి దించలేదు. 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కాంకేరులో జంగిల్ వార్‌ఫేర్ కాలేజీ పెట్టింది. అంతకుముందు మిజోరంలోని వైరెంగ్టే స్కూలు నడిపిన బ్రిగేడియర్ పొన్వార్ గారు దాని డైరెక్టరు. రిటైరైన మాలాంటి వాళ్లం ఉస్తాదులం. పోలీసు కుర్రాళ్లకి మా మొదటి పాఠం, బండి దిగు. తారురోడ్డు కింద మందుపాతర ఉంటుంది. నడువు, దారి వదిలి నడువు, వెళ్లిన దారిన తిరిగి రాకు, ఒకేచోట రెండు రాత్రులు పడుకోకు. వినడానికి తేలికే. అలసిపోయిన మనిషికి తారురోడ్డు కంటే తియ్యనిది ఇంకోటి ఉండదు.

అదే ఏడాది సల్వాజుడుం మొదలైంది. ఊరి కుర్రాళ్లని స్పెషల్ పోలీసులని పేరు పెట్టి, అరకొర తర్ఫీదుతో తుపాకులిచ్చారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమంది. ఉస్తాదుగా నాకూ అదే సబబనిపించింది.

కుంట నుంచి వచ్చిన ఒక కుర్రాడు తెలుగు మాట్లాడేవాడు. కోర్సు చివర్లో అడిగాడు, "మీరు కూడా మాతో వస్తారా మాస్టారూ?" అని. రానన్నాను. రాకూడదు కూడా. నియమం అది. వాడు తల ఊపి వెళ్లిపోయాడు.

2010 ఏప్రిల్ 6న ఇప్పటి సుక్మా జిల్లా తాడిమెట్ల దగ్గర 76 మంది పోయారు. మెస్సులో టీవీ ముందు నిలబడి మావాడికి ఫోను మీద ఫోను చేశాను. సాయంత్రానికి దొరికాడు. "నేను అటు వెళ్లలేదు మాస్టారూ" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. ఆ 76 మందికీ నాలాంటి ఉస్తాదు ఎవడో ఒకడు ఉండే ఉంటాడు కదా.

మొన్న దసరాకి వాడే ఫోను చేశాడు. ఇప్పుడు కొత్తవాళ్లకి వాడే నేర్పుతున్నాడట. "మిమ్మల్ని అడిగిందే నన్నూ అడిగారు మాస్టారూ" అన్నాడు.

"ఏం చెప్పావురా?"

"వస్తానన్నాను. రేపు తెల్లారుజామున మూడింటికి బయల్దేరుతున్నాం."