ఏరువాకకు ముందు పాత ట్రాక్టరు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట పంచాంగ శ్రవణమూ, పద్యాలూ విన్న తరువాత ట్రాక్టరు గురించి మాట్లాడటానికి వీడెవడు లేచాడా అని మీరు అనుకోవచ్చు. కాని మనలో చాలామందికి ఈ బెంగుళూరులో ఉద్యోగమున్నా, ఊళ్లో నాలుగెకరాల చేనూ, దాన్ని పట్టుకొని వున్న తండ్రో తమ్ముడో వున్నారు. "అన్నా, పాతదైనా సరే, ఒక చిన్న ట్రాక్టరు కొనిపెట్టు" అన్న మాట ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు మీ చెవినా పడుతుంది. నా చెవిన పడింది. నేను చేసిన పొరపాటు మీరు చేయకుండా వుండాలనే ఈ నాలుగు మాటలు.

మాది పావగడ తాలూకా రాయచెర్లు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, ఇంట్లో మాట తెలుగు. వానలు తక్కువ, వేరుశెనగా రాగీ మా పంటలు. 2018 మార్చిలో ప్రారంభమైన పావగడ సౌర విద్యుత్ కేంద్రానికి భూములిచ్చిన అయిదు గ్రామాలలో మా ఊరూ ఒకటి. సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సామర్థ్యం గల పలకలు వెలిశాయి. ఆ భూములు కొన్నవి కావు. ఎకరానికి ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకొకసారి నూటికి అయిదు చొప్పున పెంచే కౌలుకు తీసుకొన్నవి. కౌలు డబ్బు చేతికి వచ్చింది, కాని మేతకు చోటు తగ్గింది. మా యింట ఎద్దులను అమ్మివేశాము. మిగిలిన నాలుగెకరాలకు బాడుగ ట్రాక్టరే దిక్కయింది.

బాడుగ బండి చెడ్డది కాదు. చిక్కంతా పదునుతో వచ్చింది. వాన పడిన మర్నాడు ఊరందరికీ ఒక్కసారే బండి కావాలి. మా ఎర్రనేలలో విత్తనపు పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. రెండేళ్లు వరుసగా మా వంతు వచ్చేసరికి నేల ఆరిపోయింది. అప్పుడే తమ్ముడు ఆ మాట అడిగాడు. నేను డబ్బు పంపాను. నా పొరపాటు అక్కడే మొదలయింది. దాని సంగతి కడపట చెబుతాను.

మొదట లెక్క చూసుకోవాలి. దున్నడం, రోటవేటరు తోలడం, విత్తడం, అంతరసేద్యం అన్నీ కలిపి మా ఎకరానికి ఏడాదికి ఎనిమిది గంటల పని. నాలుగెకరాలకు 32 గంటలు. ఏడాదిలో 32 గంటలు నడిచే బండికి అప్పు చేయడం తెలివి కాదు. మా చిన్నాయన కొడుకులిద్దరూ పాలు కలిశారు గనుక మాకు గిట్టుబాటయింది. పాలివారు దొరకనిచోట ప్రభుత్వపు కృషి యంత్రధారె కేంద్రంలో బాడుగకు తీసుకోవడమే మేలు.

చిన్న ట్రాక్టరంటే 15 మొదలు 25 అశ్వశక్తి వరకు గలది. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717, మన బెంగుళూరు వి.ఎస్.టి. వారి శక్తి మొదలైనవి ఈ తరగతివి. ఏ పేరుగలదైనా సరే, దాని సామాను పావగడలోనో హిందూపురంలోనో దొరుకుతుందా అని ముందు విచారించండి. చేతిలో నూరు రూపాయలుంటే బండికి ఎనభైకి మించి పెట్టకండి. మిగిలిన ఇరవై మరమ్మతుకు కావలసి వుంటుంది.

చూడబోయేటప్పుడు పొద్దున్నే వెళ్లండి. ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా వుండాలి. మీరు వచ్చేలోగా వేడిచేసి వుంచిన బండి తన జబ్బును దాచుకొంటుంది. స్టార్టు చేసినప్పుడు కొంచెం పొగ సహజమే. వేడెక్కిన తరువాత కూడా నీలిపొగ వస్తే ఇంజనునూనె మండుతున్నదని అర్థం. నల్లపొగ విడవకపోతే గాలి చాలకనో, డీజెలు ఎక్కువయో. నూనె కొలిచే పుల్ల తీసి చూడండి. నూనె మజ్జిగ రంగులో వుంటే లోపల నీళ్లు కలిశాయి. ఆ బేరం వదిలి ఇంటికి రండి. కల్టివేటరు తగిలించి పైకెత్తించి, ఇంజను ఆపి, ఒక బీడీ కాల్చేంతసేపు చూడండి. అది చప్పున కిందికి దిగిపోతే హైడ్రాలిక్ లిఫ్టుకు ఖర్చు కాచుకొని వున్నది. ముందు చక్రాన్ని చేత్తో ఊపి చూస్తే అరుగుదల తెలుస్తుంది.

కాగితాలు యంత్రమంత ముఖ్యం. మా తాలూకాకు దాదాపు చుట్టూతా ఆంధ్ర సీమే గనుక మడకశిరలోనో కల్యాణదుర్గంలోనో బండి చవకగా కనిపిస్తుంది. దాని నంబరు ఆంధ్రది. ఆ రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 12 నెలలకు మించి మన రాష్ట్రంలో వుంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. ఆర్.సి. పుస్తకంలో బ్యాంకు పేరు వుంటే, అప్పు తీరినట్లు కాగితం చేతికి రానిదే బయానా ఇవ్వకండి. బీమా కూడా మీ పేరుకు మార్పించుకోండి.

బండి ఇల్లు చేరాక మడిలోకి తోలకండి. పాత యజమాని ఎప్పుడు నూనె మార్చాడో మనకు తెలియదు. కనుక ఇంజనునూనె, దాని ఫిల్టరు, డీజెలు ఫిల్టరు, రేడియేటరు నీరు అన్నీ కొత్తవి వేయండి. గాలి శుభ్రపరచే గిన్నె విప్పి కడగండి. మా దుమ్ముకు అది త్వరగా పూడుతుంది. పని రోజుల్లో దినమూ గ్రీజు పెట్టండి. పనిముట్టు బండికి తగినదై వుండాలి. పెద్ద ట్రాక్టరు లాగే తొమ్మిది కొర్రుల కల్టివేటరు 18 అశ్వశక్తి బండికి తగిలిస్తే క్లచ్చి కాలుతుంది, నేలా తెగదు. అయిదు కొర్రులు చాలు.

ఇక నా పొరపాటు. నేను డబ్బు పంపాను గాని, నేర్పు పంపలేదు. బండి వచ్చిన నాలుగో రోజున తమ్ముడు చేని గట్టు మీది తుమ్మమొద్దును పెకలించాలని, తాడు తెచ్చి సీటు వెనుక టాప్ లింకు తగిలించే చోట కట్టాడు. మొద్దు కదలలేదు. బండి ముందు చక్రాలు మనిషి నడుమెత్తు లేచాయి. దైవికంగా అతని కాలు క్లచ్చి మీద పడింది, బండి దభీమని దిగింది. ఒక్క క్షణం ఆలస్యమైతే ట్రాక్టరు వెనక్కు తిరగబడి అతన్ని కింద వేసుకొనేది. నాయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాకు ఫోనులో ఒక్క మాట చెప్పాడు: "ఎద్దునైతే చిన్నప్పుడే మచ్చిక చేస్తాము, దీనికెవరు చేశారు?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కనుక కొన్ని సంగతులు మనసులో వుంచుకోండి. లాగవలసిన దానిని ఎల్లప్పుడూ కిందనున్న కొక్కేనికే కట్టాలి. ఇరుసు కంటె ఎత్తున కడితే ముందు చక్రాలు లేస్తాయి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టకూడదు. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లను కలిపి కొక్కెం వేయాలి; లేకుంటే ఒక చక్రమే ఆగి బండి పక్కకు తిరుగుతుంది. రోటవేటరు తిప్పే షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. పంచె కొంగో, తువ్వాలో చిక్కితే లాక్కొనే వ్యవధి వుండదు. దాని మీది తొడుగు పోయివుంటే ముందు అది కొనండి, తరువాతే పనిలోకి దిగండి.

అధిక మాసం రాని ఏడు ఉగాది నుంచి ఏరువాక పున్నమికి సుమారు 75 రోజులు. ఈ గడువు చాలు. మొదటి నెల మరమ్మతుకు, రెండో నెల ఎండుబీడులో తోలడం నేర్చుకోవడానికి, మిగిలిన రోజులు పనిముట్లు సరిచూసుకోవడానికి. మొదటి ఏడు ఊరివాళ్లకు బాడుగకు పంపి డబ్బు చేసుకోవాలని ఆశపడకండి. నేను ఆ ఏడు వారం రోజులు సెలవు పెట్టి ఊరికి పోయి, అనుభవం గల డ్రైవరును కూలికి పెట్టి, తమ్ముడి పక్కన నిలబడి నేనూ నేర్చుకొన్నాను. ఆ కూలి బండి వెలలో చేర్చవలసిన ఖర్చే.

మన చేతి సొమ్ము ఊరికి పంపడం మంచిదే. ట్రాక్టరు పంపితే మాత్రం మన రోజులు కొన్ని దానితో పంపాలని ఈ సభకు నా మనవి. ఈ ఏరువాకకు మీ ఇండ్ల ముందరి బండ్లు సుఖంగా కదలాలనీ, వాటి మీద కూర్చున్నవారు సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరాలనీ కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.