ఆకుపచ్చ సిరా
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



ఎలా పైకొచ్చారో చెప్పమన్నారు. ఉద్యోగం రాని రోజులే నాకు బాగా గుర్తు. అవే చెబుతాను.

మా నాన్న తెనాలిలో ఒక రైస్ మిల్లులో హమాలీ. 1982లో నేను బీకాం పాసయ్యాను. గుంటూరు వెళ్లి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని కార్డు తెస్తే, అదే ఉద్యోగం ఆర్డరనుకుని మా అమ్మ దేవుడి పటం ముందు పెట్టింది.

దరఖాస్తంటే పోస్టల్ ఆర్డరు, ఫొటో, బస్సు ఛార్జీ. పైగా సర్టిఫికెట్ల నకళ్ల మీద గజిటెడ్ అధికారి సంతకం. మాకు తెలిసిన గజిటెడ్ అధికారి ఈ బడి హెడ్మాస్టారొక్కరే. ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, "ఈసారి ఎక్కడికిరా?" అనేవారు. ఆ ప్రశ్నకు జడిసి కొన్నాళ్లు దరఖాస్తులే మానేశాను.

ఈలోగా నాన్న పనిచేసే మిల్లులోనే గుమాస్తాగా చేరాను. ఎవరెన్ని బస్తాలు మోశారో రాయాలి. నాన్న అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "గుమాస్తాగారూ, రాసుకున్నారా?" అనేవాడు. మొదటిరోజు వేళాకోళం అనుకున్నాను. కాదు. ఇంటికొచ్చాక దాని గురించి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

1983 ఫిబ్రవరిలో రామారావుగారి ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. మా నిరుద్యోగులకు పండగ! టీ కొట్టు దగ్గర చేరి, ఏ ఆఫీసులో ఎన్ని ఖాళీలొస్తాయో లెక్కలు వేశాం. ఆ రోజు అందరికీ టీలు నేనే ఇప్పించాను.

మార్చిలో నకళ్లు పట్టుకుని బడికొస్తే ఆ కుర్చీలో వేరొకరున్నారు. మాస్టారింటికి పరుగెత్తాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. "నెలాఖరుతో నన్నూ పంపించేశారు. ఇక నా సంతకం చెల్లదురా" అన్నారు. ఆయన చిన్నమ్మాయి పెళ్లి ఇంకా కాలేదని ఊరందరికీ తెలుసు. మేం లెక్కేసిన ఖాళీల్లో ఈ కుర్చీ కూడా ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆయనే చొక్కా తొడుక్కుని, ప్రభుత్వాసుపత్రిలో తెలిసిన డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్లి సంతకం పెట్టించారు. దారిలో టీ కొట్టు దాటుతుంటే నేను తలెత్తలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. మరో మూడేళ్లకు ఒకటొచ్చింది. చెబుదామని వెళ్తే మాస్టారు అడిగిన మొదటి మాట, "మీ నాన్న ఇంకా బస్తాలు మోస్తున్నాడా?"

మోస్తున్నాడండీ, అన్నాను.