గడ్డి మిషన్‌లో ఏ పెట్రోలు పోయాలి?

ఈ వారం ముచ్చట పెట్రోలు గురించి. నవ్వకండి, ఇది నేర్చుకోవడానికి నేను 300 దిర్హమ్‌లు కట్టిన.

దుబాయికి వచ్చిన కొత్తలో నాది తోట పని. విల్లాల ముందు గడ్డి కోసుడు, ఖర్జూరపు మట్టలు కొట్టుడు. ఒకరోజు సూపర్‌వైజర్ బ్రష్ కట్టర్ చేతికిచ్చి, పెట్రోలు పోసుకొని పొమ్మన్నడు. లాన్ మూవర్‌కు పోసే డబ్బాలోంచే దీనికీ పోసిన. కాసేపు మస్తు నడిచింది. తర్వాత దాని గొంతు మారింది, కీచుమని ఆగిపోయింది. తాడు గుంజితే కదలలేదు. పిస్టన్ సిలిండర్‌కు పట్టేసింది. రెండు నెలలు జీతంలో కోసుకున్నరు.

లాన్ మూవర్‌ది ఫోర్ స్ట్రోక్ ఇంజన్. ఇప్పటి మోటార్‌సైకిల్‌లో లాగ, ఆయిల్ కింద వేరుగా ఉంటది. టూ స్ట్రోక్‌లో ఆ ఏర్పాటు లేదు. పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంక్ తిరిగే గదిలోకే వస్తయి, అక్కడినుంచి పైకి పోతయి. అందుకే ఆయిల్ పెట్రోలులోనే కలిసి రావాలె. పిస్టన్‌కు, బేరింగులకు అదే జిడ్డు. పాత చేతక్ స్కూటర్ గుర్తుందా? బంకులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ పోయించుకునేటోళ్లు గదా. అదే లెక్క.

ఎంత కలపాలో మిషన్ పుస్తకంలో ఉంటది. 50:1 అంటే 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్ల ఆయిల్. 25:1 అంటే 200. అందాజగా పోయకండి. ఎక్కువైతే పొగ, ప్లగ్గు నల్లబడుడు. తక్కువైతే నా కథ. ముందు సగం పెట్రోలు, ఆయిల్ పోసి, మూత బిగించి ఊపి, తర్వాత మిగతా పెట్రోలు పోయాలి. కారు ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు. అది పెట్రోలుతో కలిసి కాలడానికి చేసింది కాదు.

చాలామంది మోసపోయేది ఇంకో చోట. బ్రష్ కట్టర్లన్నీ టూ స్ట్రోక్ కావు. హోండా జీఎక్స్35 ఇంజన్ ఉన్నది ఫోర్ స్ట్రోక్, దానికి సాదా పెట్రోలే. స్టిల్ కంపెనీ ఫోర్‌మిక్స్ కూడా ఫోర్ స్ట్రోకే, కానీ దానికి కలిపిన పెట్రోలే పోయాలి! కాబట్టి పేరు చూసి పోయకండి. ఇంజన్‌కు ఆయిల్ పోసే వేరే మూత ఉందా, చూడండి. ఉంటే సాదా, లేకపోతే మిక్స్.

ఖరీదు పెట్రోలుతో బలం పెరుగుతదనేది ఉత్త మాట. ఇక్కడి 91, 95, 98 అంకెలు పెట్రోలు లోపల ముందే పేలకుండా తట్టుకునే గుణానికి గుర్తు, బలానికి కాదు. పుస్తకం 91 చాలంటే 98 పోసుడు పైసలు పారేసుడే.

కలిపిన పెట్రోలు నెల దాటితే వాడకండి. వేడి ఇంజన్‌లో పోయకండి. ఎండల్లో డబ్బా మూత మెల్లగా తిప్పండి, లోపల ఆవిరి ఒత్తిడి ఉంటది.

నేనిప్పుడు రెండు డబ్బాలు పెట్టుకున్న. మిక్స్ దానికి ఎర్ర టేపు చుట్టి, తెలుగులో, హిందీలో రాసిన. బంగ్లాలో మా రూమ్ భాయి రాసిండు. సూపర్‌వైజర్ తొందరపెట్టినా సరే, తాడు గుంజే ముందు ఒక్కమాట అడగండి: "భాయ్, మిక్స్ హై యా సాదా?"