పంక్తిలో మీ పక్కన ఎవరు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కలయికల్లో భోజనాల వేళ ఒకటి గమనిస్తున్నాను. బఫేలో పళ్ళాలు పట్టుకుని ఏ బ్యాచ్ వాళ్ళు ఆ బ్యాచ్‌తోనే నిలబడతారు. తోటివాళ్ళెవరూ మిగలని పెద్దలు ఓ మూల నాలుగు మెతుకులు తిని వెళ్ళిపోతారు. నిరుడు మన లెక్కల మాస్టారు మోకాళ్ళ నొప్పితో వరసలో నిలబడలేక, పెరుగన్నం తినకుండానే వెళ్ళారు.

కార్తీక వనభోజనాల్లో ఇలా జరగదు. ఉసిరిచెట్టు కింద విస్తరి ఖాళీ ఉన్నచోట కూర్చుంటాం. పప్పు మొదలు పెరుగు దాకా లేవం. ఆ అరగంటలో పక్కవారితో మాట కలవక తప్పదు. పాతకాలపు పంక్తుల్లో కులానికో వరస ఉండేది, అది మనకొద్దు. 2024 నుంచి డొక్కా సీతమ్మగారి పేరుతో ఆంధ్రప్రదేశ్ బడుల్లో పెడుతున్న మధ్యాహ్న భోజనానికి పిల్లలు కలిసి కూర్చుంటారు. మనకు ఆదర్శం అదే.

అందుకే ఈరోజు కొన్ని సూచనలు. బల్లల మీద బ్యాచ్ పేర్లు పెట్టొద్దు. ప్రతి గురువుగారికీ అటూ ఇటూ వేర్వేరు బ్యాచ్‌ల వాళ్ళు కూర్చోండి. వంతులవారీగా మనమే వడ్డిద్దాం. కొసరి వడ్డించేవారికి పేరడిగే చనువు దానంతటదే వస్తుంది. "ఏం ఉద్యోగం?" అని మొదలుపెట్టకండి. ఆ ఒక్క ప్రశ్నకు జంకి రావడం మానేసినవాళ్ళున్నారు. "మీరే బెంచీలో కూర్చునేవారు?" అనడగండి. దానికి అందరి దగ్గరా జవాబుంటుంది.

విస్తళ్ళు వేశారు. రండి, ముఖపరిచయం లేనివారి పక్కన కూర్చుందాం.