రెండెకరాల ముప్పై గుంటలు

1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ వరంగల్ విద్యాలయం ఘనత గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను గుంటల గురించి మాట్లాడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, పంట రుణాలిచ్చే ఒక సంస్థ వెబ్ అప్లికేషన్ మా బృందం చేతికొచ్చింది. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తెర చూసి, "నా ముప్పై గుంటలు ఎటువోయినయ్ బిడ్డా?" అన్నాడు. ఆయన పాసుపుస్తకంలో 2.30 అని ఉంది, అంటే రెండెకరాల ముప్పై గుంటలు. తెర మీద 2.3 అని ఉంది. ఫ్లోట్ ఫీల్డ్‌కు చివరి సున్నాతో పని లేదు. చదివే మనిషికి మాత్రం ముప్పై గుంటలు మూడయ్యాయి. గుంటకు 121 చదరపు గజాల లెక్కన 3,267 గజాల నేల తెర మీద లేదు. పక్కనున్న కుర్రవాడు, "డేటాబేస్‌లో కరెక్టుగానే ఉంది సార్" అన్నాడు.

ఆ మాట నేను ఇప్పటికీ వింటూనే ఉన్నాను, విన్న ప్రతిసారీ కోపం వస్తూనే ఉంది. డేటాబేస్ ఎవరు చూస్తారు నాన్నా? భూ రికార్డుల పోర్టళ్లు 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాక రైతు తన భూమిని తెర మీదే చూసుకుంటున్నాడు.

పైగా డేటాబేస్‌లోనూ కరెక్టు కాదు. 1.25కు 1.25 కలిపితే మీ ప్రోగ్రాం 2.50 అంటుంది. ఆంధ్రలో ఎకరాకు వంద సెంట్లు కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఇక్కడ ఎకరాకు నలభై గుంటలు. ఈ హాల్లో కూర్చున్న ఏ తల్లినడిగినా మూడెకరాల పది గుంటలని చెబుతుంది.

కాబట్టి మొత్తం గుంటలను పూర్ణాంకంగా దాచండి: ఆ పెద్దాయనవి 110. చూపించేటప్పుడు 2-30 చేయండి. వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అయితే మోడల్‌కు ఒక చిన్న మెథడ్ రాసి, అడ్మిన్‌లోని లిస్ట్ డిస్‌ప్లేకు దాని పేరివ్వండి. టెంప్లేట్లలోనూ ఆ మెథడ్‌నే పిలవండి, ప్రతి పేజీలో మళ్లీ భాగించకండి. పది లైన్లకు మించదు. 12,34,567 అని మన పద్ధతిలో కామాలు పెట్టే వీలు జాంగోలో 2017 నుంచే ఉంది. అయినా ఇంకా 1,234,567 అనే చూపిస్తున్నారు, ఎందుకర్రా? సర్వే నంబరు 12/3ను ఎక్సెల్ తేదీగా మార్చేస్తే అలాగే అప్‌లోడ్ చేస్తారు. చదువుకున్న పిల్లలు చేయాల్సిన పనేనా ఇది?

మీరు భూమి లెక్కల జోలికి ఎప్పుడు వెళ్లినా మొదటి టెస్టు ఇది రాయండి: 0-39కి ఒక గుంట కలిపితే తెర మీద 1-00 రావాలి. 0-40 వచ్చినా, 1 అని ఊరుకున్నా, ఆ రోజు కోడ్ బయటికి పంపకండి. మేనేజరు తొందరపెడితే నా పేరు చెప్పండి.