తట్ట ఎవరి వారసత్వం?

(కుప్పంలో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మదనపల్లె, పుంగనూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. మీకు దూరపు కథ చెప్పను. కుప్పంలో రైలెక్కితే బంగారుపేట, ఆ పక్కనే కోలారు బంగారు గనులు. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి ఆ గనులకు కూలికి పోయిన తాతలు మనకెందరో. బంగారం తవ్వినోళ్ల గురించి అందరూ చెప్తారు. వాళ్ల కక్కూసులు ఎత్తిపోసినోళ్ల గురించి ఎవరు చెప్పారు? వాళ్లూ మనోళ్లే.

అట్లాంటి ఒక తెలుగు దళిత కుటుంబంలో 1966లో బెజవాడ విల్సన్ పుట్టారు. నాయన 1935 నుంచి ఆ గనుల టౌన్‌షిప్‌లో పాకీ పనివాడు. పెద్దన్నదీ అదే పని. బడిలో పిల్లలు ‘తోటి’ అని ఎగతాళి చేస్తే ఇంటికొచ్చి అడిగేవాడు. అమ్మానాయన చెప్పలేదు. తాము చేసే పనిని కన్నబిడ్డ దగ్గరే దాచిపెట్టారు.

కులం మనకు రాసిచ్చిన ఆస్తి చూడండి! నెత్తిమీద తట్ట ఒకటి, ఆ తట్టను గురించిన సిగ్గు ఇంకొకటి. మోయించినోడు తలెత్తుకు తిరుగుతాడు, మోసినోడు తలదించుకుంటాడు. ఇదెక్కడి న్యాయం?

చదువుకుని ఉద్యోగం కోసం పేరు నమోదు చేసుకోబోతే, అక్కడి గుమాస్తా ఈయన ఏ పని కోరుతున్నాడో అడక్కుండానే పాకీ పని అని రాసేశాడు. చదువుకున్నా సరే, చీపురే!

విల్సన్ మొదట వాడలో సారాయి మాన్పించాలని పూనుకున్నారు. వాళ్లన్నారు: తాగకుండా ఆ పని చెయ్యలేమబ్బా, వచ్చి చూడు అని. పోయి చూశారు. ఒకతని బకెట్ మలం గుంటలో పడిపోయింది. అతను చేయి పెట్టి తీయబోతే ఈయన వద్దని అడ్డం పడ్డారు, ఏడ్చారు. పని చెయ్యకపోతే ఏం తినాలి అని అడిగారు వాళ్లు. ఆ ప్రశ్నకు నీతిబోధలో జవాబు లేదు. సారాయి మానండని చెప్పడం సులువు. ఆ గుంట మూయించడమే కష్టం.

1986 నుంచి గనుల యాజమాన్యానికి ఉత్తరాలు రాశారు. మా దగ్గర పాకీదొడ్లే లేవన్నారు. ఫొటోలు తీసి పంపారు. ఫొటో ముందు అబద్ధం ఎంతసేపు నిలబడుతుంది? చివరికి ఆ దొడ్లు మార్చారు, పనివాళ్లకు వేరే పనులు చూపారు. దేశంలో ఈ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది.

ఆ తర్వాత సఫాయి కర్మచారి ఆందోళన పుట్టింది. దానికి వెన్నుదన్నుగా నిలబడినవారిలో ఎస్.ఆర్. శంకరన్ గారు ముఖ్యులు. తంజావూరు జిల్లా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1956లో ఐ.ఎ.ఎస్.లో చేరారు. మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖను నడిపించారు, వెట్టి విడిపించడానికి పాలకులతో తగాదా పెట్టుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో పోయారు. పుట్టిన కులం నేర్పిన అహంకారాన్ని ఆయన ఉపన్యాసంతో వదిలించుకోలేదు. మన వాడల్లో కూర్చుని, మన మాట విని, ఆ మాటను ఫైలుమీద ఉత్తర్వుగా రాశారు. సేవంటే ఇది. పండ్లు పంచి ఫొటో దిగేదాన్ని సేవ అనేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు, వాళ్లతో మనకు పనిలేదు.

మంచి మాటలకు మన ప్రాంతంలో కరువు లేదు. మనుషులంతా సోదరులని చెప్పే దివ్యజ్ఞానులు 1915లోనే మదనపల్లెలో కాలేజీ పెట్టారు. ఠాగూరు 1919లో అక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. నూరేళ్లు దాటింది. సోదరులు ఊరవతలే ఉండిపోయారు.

అయితే వేలు ఊరివైపే చూపిస్తే సరిపోదు. మనలో మనం చూసుకుందాం. మాలోళ్లు మాదిగోళ్ల ఇంట నీళ్లు తాగరు. ఇద్దరూ కలిసి పాకీ పనిచేసే వాళ్ల గడప తొక్కరు. ఇది మనం ఎవరి దగ్గర నేర్చుకున్నాం? మనువు దగ్గరే గదా! బాబాసాహెబ్ ఫొటో గోడకు తగిలించి, గోడ అవతలివాళ్లను అంటరానోళ్లుగా చూస్తే ఆయన ఒప్పుకుంటాడా?

కాబట్టి చేయాల్సిన పని చెప్తాను, రాసుకోండి. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగుకాలువలోకి దించడం నేరం. 1993 నుంచి మురుగు పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. శాశ్వతంగా అవిటివాళ్లయితే 20 లక్షలకు తగ్గకూడదంది. కాంట్రాక్టరు యాభై వేలు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుంటుంటే, పక్కన నిలబడి ఈ మాట చెప్పే మనిషి కావాలి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ మునిసిపాలిటీలే. రేపు తెల్లారకముందే లేచి, వీధులూడ్చేవాళ్లు, ట్యాంకులు కడిగేవాళ్లు ఉండే వాడకు పోండి. ఉపన్యాసం చెప్పొద్దు. వాళ్లింట నీళ్లడిగి తాగండి. ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎవరింట్లో ఎవరు పోయారో, కాగితాలు ఏమున్నాయో నోటుపుస్తకంలో రాసుకుని రండి. వచ్చే సమావేశంలో మొదట ఆ పుస్తకాలే చదువుదాం.