మనోవ్యాధి - ఇంటివారి మాట
(మోమిన్‌పేట్‌లో కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కిజోఫ్రీనియా అనే వ్యాధి పేరును మన ఇళ్ళలో ఎవరూ పలుకరు. 'అసర్ అయింది' అంటారు, 'సాయా పడింది' అంటారు, 'దిమాగ్ ఖరాబ్ అయింది' అంటారు. ఇరవై ఏళ్ళ వరకు చక్కగా చదువుకున్న కుమారుడు క్రమంగా మాట తగ్గిస్తాడు. స్నానం మానివేస్తాడు. ఎవరూ లేనిచోట ఎవరో మాట్లాడుతున్నట్లు వింటాడు. అన్నంలో ఏదో కలిపారని కన్నతల్లినే అనుమానిస్తాడు. అప్పుడు బంధువులు మొట్టమొదట అడిగేది తప్పు ఎవరిదని. తల్లి గారాబం చేసిందని కొందరు, తండ్రి కొట్టి పెంచాడని కొందరు, పెళ్ళయినవాడైతే కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదని మరికొందరు తీర్పు చెబుతారు.

ఇది చదువురాని వారి అలవాటు మాత్రమేనని అనుకోవద్దు. తల్లి ప్రవర్తనే బిడ్డలో ఈ వ్యాధిని పుట్టిస్తుందన్న భావానికి 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రోమ్-రీచ్‌మన్ అనే ప్రసిద్ధ వైద్యురాలు ఒక పేరే పెట్టారు. 1956లో గ్రెగరీ బేట్సన్ బృందం, ఒకే నోట ప్రేమను, తిరస్కారాన్ని పలికే ఇంట్లో బిడ్డ మతి చలిస్తుందని వాదించింది. ఆ కాలంలో ఎందరో తల్లులు దోషుల వలె తలవంచుకొని ఆస్పత్రి మెట్లెక్కారు. ఆ సిద్ధాంతాలు పరీక్షకు నిలువలేదు. వంశపారంపర్యం, మెదడు ఎదుగుదలలో తేడాలు, గర్భంలోను ప్రసవంలోను కలిగే ఇబ్బందులు, గంజాయి, తీవ్రమైన ఒత్తిడి ఇవన్నీ కలిసి ఈ వ్యాధికి దారితీస్తాయని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధి ఉంటే బిడ్డలలో సుమారు పదిమందికి ఒకరికి రావచ్చు. ఒకే రూపు కవలలలో ఒకరికి వచ్చినా, దాదాపు సగం సందర్భాలలో రెండవవారికి రాదు. మన వికారాబాద్ ప్రక్కనే అనంతగిరి కొండపై క్షయ ఆస్పత్రి ఉన్నది. క్షయ అన్న మాటను కూడా దాచుకున్న రోజులున్నాయి. నేడు క్షయ రోగి తల్లిని పిలిచి ఎవరైనా సంజాయిషీ అడుగుతున్నారా?

అయితే ఇంటికి ఈ వ్యాధితో సంబంధమే లేదా అంటే, ఉన్నది. వ్యాధి రావడంలో కన్నా, తగ్గిన వ్యాధి తిరగబెట్టడంలో ఉన్నది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆస్పత్రి నుండి ఇంటికి చేరిన రోగులతో ఇంటివారు ఎట్లా మాట్లాడుతున్నారో శ్రద్ధగా గమనించాడు. సూటిపోటి మాటలు, ద్వేషం, ఊపిరాడనివ్వని అతి జాగ్రత్త: ఈ మూడింటిని లెక్కలోకి తీసుకున్నాడు. 1972లో ఆయన బృందం ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఇవి అధికంగా ఉన్న ఇళ్ళలో తొమ్మిది నెలలలోపు నూటికి 58 మందికి వ్యాధి తిరగబెట్టింది. తక్కువగా ఉన్న ఇళ్ళలో 16 మందికి మాత్రమే. రోగి తీవ్రతే ఇంటివారిని విసిగించి ఉండవచ్చు గదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఇంటివారికి వ్యాధి గురించి నేర్పి, మాట తీరు మార్పించినప్పుడు తిరగబెట్టడం తగ్గిందని తరువాతి ప్రయోగాలు నిరూపించాయి.

మన దేశంలో చండీగఢ్‌లో డాక్టర్ విగ్, లండన్‌కు చెందిన డాక్టర్ లెఫ్ బృందం ఇదే కొలతతో చూసి 1987లో ఫలితాలు ప్రకటించారు. లండన్‌తో పోలిస్తే మన కుటుంబాలలో సూటిపోటి మాటలు తక్కువ. పల్లెలలో మరీ తక్కువ. ఇది మనకు గర్వకారణమే. కాని ఆనాటి పల్లె ఇంట్లో రోగిని కనిపెట్టడానికి పదిమంది ఉండేవారు. నేడు ఒక కొడుకు హైదరాబాద్‌లో, మరొకడు గల్ఫ్‌లో ఉంటే, రెండు గదుల ఇంట్లో రోగి, అతని తల్లి రోజంతా ఎదురెదురుగా మిగులుతున్నారు. ఆమె విసుక్కుంటే ఆశ్చర్యమేమున్నది? ఆమెకు నీతులు చెప్పే ముందు, వారానికి రెండు పూటలైనా ఆ బాధ్యతను చేతిలోకి తీసుకునే మరిది ఎవరు, ఆడపడుచు ఎవరు?

మాట తీరు గురించి కొంచెం వివరంగా చెబుతాను. 'నీ ఈడువాడు దుబాయిలో సంపాదిస్తున్నాడు, నీవు పడుకొని తింటున్నావు' అనే మాట చాలా ఇళ్ళలో నిత్యం వినబడుతుంది. ఆ మందకొడితనం సోమరితనం కాదు, వ్యాధిలో భాగం. అట్లాగే ముప్పై ఏళ్ళవాడికి ముద్దలు కలిపి తినిపించడం, గడప దాటనివ్వకపోవడం కూడా మేలు చేయదు. అతన్ని నమాజుకు వెంట తీసుకొని వెళ్ళండి, దుకాణం నుండి పాలు తెమ్మని పంపండి. గొంతులు వినబడుతున్నాయని చెబితే, అబద్ధమని గద్దించవద్దు, అవునని తల ఊపవద్దు. 'నాకు వినపడటం లేదు బేటా. నీకు వినపడుతుంటే భయంగానే ఉంటుంది, నేను ఇక్కడే ఉన్నాను' అంటే చాలు. ఇక మాత్రలు వైద్యుడు ఆపమనేదాకా ఆపకూడదు.

దుఆ చేయవద్దని నేను అనను. దుఆకు, మాత్రకు పోటీ పెట్టవద్దంటాను. గొలుసుకు మాత్రం ఏ సమర్థనా లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా పరిసరాలలోని ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేయబడిన రోగులు పారిపోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ వదిలి వెళ్ళినది కుటుంబాలే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది.

'నికాహ్ చేస్తే కుదురుతాడు' అనే మాట కూడా ఇక్కడే ప్రస్తావించాలి. వ్యాధిని దాచి తెచ్చిన కోడలిపైనే తరువాత నింద పడుతుంది. వ్యాధి ఆడపిల్లదైతే ఆమె పుట్టింటికి చేరుతుంది, ఆమె వాటా ఆస్తి అన్నదమ్ముల సంతకాలలో కలిసిపోతుంది. కార్యాలయంలో కాగితాలు చూసిన చేతితో చెబుతున్నాను: వ్యాధి వచ్చినంత మాత్రాన వారసత్వ హక్కు పోదు.

2017 చట్టం మరొక మేలు చేసింది. తన చికిత్స విషయంలో తన తరఫున ఎవరు మాట్లాడాలో వయోజనుడైన ప్రతి వ్యక్తి ముందుగానే తెల్ల కాగితంపై వ్రాసి, సంతకం లేదా వేలిముద్ర వేసి నియమించుకోవచ్చు. స్టాంపు పేపరు అవసరం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధి కూడా చేరినది గనుక, వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నవారు ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎవరితో మాట్లాడాలో తోచని రాత్రి 14416కు ఫోను చేయండి; అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. దరఖాస్తులు నింపడానికి నేను ఈ సభ ముగిసిన తరువాత కూర్చుంటాను. ఆధార్ కార్డు, మందుల చీటీలు తెచ్చినవారు ముందుకు రండి. రోగిని వెంట తెచ్చినవారు ఉంటే, వారి పని ముందుగా చూద్దాం.